ముడులు లేని నూలు

చౌటుప్పల్‌లో మా వీధి మొదట్లో ఉన్న ఫ్యాన్సీ స్టోరులో ఉలన్ ఉండలు అమ్ముతారు. ఎరుపు, పసుపు, చిలకపచ్చ, నలుపు. పేరుకే ఉలన్. గొర్రె మొహం ఎన్నడూ చూడని దారం అది. మా ఆయన మందుల కంపెనీలో షిఫ్టుకు పోతే నేను గడపలో కూచుని ఆ దారంతో తోరణాలు, టీవీ మీద కప్పే గుడ్డలు, చంటిపిల్లల టోపీలు అల్లి అమ్మేదాన్ని. పదేళ్లకు పైగా అదే పని. ఇప్పుడు ఆ దారాన్ని తిట్టి మంచిదాన్ననిపించుకునే ఉద్దేశం నాకు లేదు. ఉతికితే కుంచించుకుపోదు, పురుగు పట్టదు, మెడకు గుచ్చుకోదు. చంటిపిల్ల టోపీకి ఏ దారం మంచిదని ఎవరైనా అడిగితే ఇవాళ్టికీ దాన్నే చూపిస్తాను. గొంగడికి ఏ దారం మంచిదని మాత్రం నన్నెవరూ అడగలేదు. అడగకుండానే చెప్పాను.

మా తల్లిగారిల్లు రామన్నపేట దగ్గరి ఊరు. మావి గొర్ల మీద బతికిన ఇండ్లు. నాయిన గొంగడ్లు నేసేవాడు. ఆయన తమ్ముడు, మా చిన్నాయిన, మంద కాసేవాడు. ఏడాదికి రెండుసార్లు చిన్నాయిన తన గొర్ల బొచ్చు కత్తిరించి, మూటలు తెచ్చి మా అరుగు మీద పోసేవాడు. అమ్మ ఆ బొచ్చును దులిపి, ఏకి, కదురు మీద వడికేది. నాయిన ఆ నూలుకు చింతగింజల గంజి పెట్టి ఆరేసి, మగ్గం గుంటలోకి కాళ్లు దించి నేసేవాడు. మూడు నాలుగేళ్లకోసారి చిన్నాయినకు ఒక కొత్త గొంగడి వచ్చేది. తన మంద బొచ్చు, వదిన వడికిన నూలు, అన్న నేసిన నేత. దానికి ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండవు. అన్నదమ్ములు భూమి పంచుకున్నారు, బావిలో నీళ్లు వంతులేసుకున్నారు, ఒకటి రెండుసార్లు గట్టు దగ్గర తిట్టుకున్నారు కూడా. ఈ గొంగడి సంగతి మాత్రం ఎవరూ కదపలేదు.

కాపరికి గొంగడి అంటే ఇల్లే. వాన పడితే మడిచి తల మీద నుంచి వేసుకుంటాడు. పరుచుకుంటాడు, కప్పుకుంటాడు, అడవిలో ఈనిన గొర్రె పిల్లను అందులోనే చుట్టుకొని వస్తాడు. అన్నిటికంటే ముఖ్యం, నిప్పు దగ్గర దానికి భయం లేదు. చలికాలం మంట కాగేటప్పుడు నిప్పురవ్వ ఎగిరి మీద పడితే జుట్టు కాలిన వాసన వస్తుంది, గోరంత చిల్లు పడుతుంది, అక్కడితో ఆరిపోతుంది. కాపరులు ఆ చోట అరచెయ్యి పెట్టి అదిమేసి మళ్లీ ముచ్చట్లో పడతారు. మా చిన్నాయిన అదిమేటప్పుడు మాట కూడా ఆపేవాడు కాదు.

రాష్ట్రం వచ్చాక రెండు మూడేళ్లలో మా దిక్కు ఊళ్లన్నిట్లో ఎర్ర గొర్లు దిగాయి. అవి మాంసానికి బాగా తూగుతాయి గానీ వాటి ఒంటి మీద గొంగడికి పనికొచ్చే బొచ్చు ఉండదు. నల్ల గొర్లు ఒక్కొక్క మందలోంచీ మాయమయ్యాయి. చిన్నాయిన మొండికేసి పాతిక దాకా మిగుల్చుకున్నాడు. బొచ్చు చాలక నాయిన బయటి నూలు కొనాల్సి వచ్చింది. బయట అమ్మే నల్ల నూలులో కల్తీ ఎక్కువ. కంటికి తెలియదు, చేతికీ తెలియదు. అందుకని నాయిన ఒక్కొక్క ఉండ నుంచి జానెడు పోగు లాగి దీపం మీద పెట్టేవాడు. ఉన్ని అయితే వెంట్రుక వాసన కొట్టి బూడిదై వేళ్ల మధ్య పొడిపొడిగా రాలిపోతుంది. కల్తీదైతే ముడుచుకుపోయి చివర ఆవగింజంత గట్టి గుండు కడుతుంది. గుండు కట్టిన నూలును గడప లోపలికి రానిచ్చేవాడు కాదు, తెచ్చినవాడు ఎంత దగ్గరివాడైనా సరే.

అమ్మ నూలును మాత్రం ఆయన ఎన్నడూ కాల్చి చూడలేదు. పెండ్లయిన నాటి నుంచి ఒక్కసారి కూడా లేదు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు, అమ్మది కూడా కాల్చి చూడవా నాయినా అని అడిగాను. నేనేదో పాడు మాట అన్నట్టు నా వంక చూశాడు. అమ్మ గోడ వైపు తిరిగి నవ్వుకుంది. ఆమె ఒంటి మీద బంగారం ఉండేది కాదు. చదువు లేదు, అత్తగారింట్లో పెద్దగా మన్నన కూడా లేదు. తన నూలును మొగుడు నిప్పుకు చూపించడు అన్నదే ఆమెకున్న గొప్ప. వాడకట్టు ఆడవాళ్లు ఆ సంగతి ఎత్తితే వద్దు వద్దంటూనే చివరిదాకా వినేది.

అలాంటి అమ్మ చెయ్యి పోవడం మొదలైంది. షుగర్ వచ్చిన నాలుగైదేళ్లకు కుడి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కి మొద్దుబారాయి. వేడి గిన్నె పట్టుకున్నా తెలిసేది కాదు. నూలు వడికేటప్పుడు బొచ్చు ఎంత వదులుతున్నదీ వేళ్లకు తెలియాలి. తెలియకపోతే ఒకచోట లావు, ఒకచోట సన్నం, సన్నంగా ఉన్నచోట తెగుతుంది. తెగిన ప్రతిచోటా అమ్మ ముడి వేసేది. ముందు ఉండకు రెండో మూడో ముడులుండేవి, తర్వాత జానకొకటి అయింది. నాయిన మగ్గం మీద ఆ ముడులను చిన్న కత్తెరతో ఒక్కొక్కటే కత్తిరించుకుంటూ నేసేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. ఆయన ఏమీ అనకపోవడం చూసి అమ్మ ఆయనకు తెలియలేదనుకునేది. నిజంగా అలా అనుకుందో, అనుకోవడానికి అలవాటు పడిందో నాకిప్పటికీ తెలియదు.

నేను బోనాలకు తల్లిగారింటికి పోయినప్పుడు అమ్మ నా చేతిలో కదురు పెట్టి చెప్పింది. "నా చెయ్యి పనిజేస్తలేదని మీ నాయినకు తెల్వనియ్యకు బిడ్డా. తెలిస్తే బొచ్చు ఇంకొకలకు ఇచ్చి వడికిపిచ్చుకొస్తడు. గది చూసుకుంట నేను గీ ఇంట్ల బతకలేను."

అప్పటికి చిన్నాయిన గొంగడి అట్టలు కట్టి, అంచులు ఊడి, వెన్ను మీద ఇవతలి నుంచి అవతలికి కనపడుతోంది. చలికాలం లోపు కొత్తది కావాలి. బొచ్చు మూడు గంపలు వచ్చింది, చాలదు. ఉన్నది కూడా అమ్మ చేతిలో నూలు కావడం లేదు. నేను వెళ్లిన రెండో రోజు పొద్దంతా ఆమె వడికింది రెండు పిడికిళ్ల నూలు. తెగడం, ముడి వెయ్యడం, మళ్లీ తెగడం. చూస్తుంటే నాకు జాలి కంటే ముందు చిరాకు వచ్చింది. నా గుణమే అంత. ఎవరైనా అవస్థ పడుతుంటే కూచుని ఓదార్చలేను, లేచి ఏదో ఒకటి సరిచేసేయాలి. అదేదో మంచి గుణమని చాలా ఏళ్లు అనుకున్నాను.

నా సంచిలో టోపీల కోసం తెచ్చుకున్న నల్ల ఉలన్ ఉంది. దాన్ని పోగులు విడదీసి, ఒక సన్న పోగును కదురుకు కట్టి, దాని చుట్టూ బొచ్చు చుట్టుకునేట్టు వడికి చూపించాను. తెగలేదు. తెగదు కూడా, లోపల పోగు పట్టుకొని ఉంటుంది కదా. పైకి అంతా బొచ్చే. అమ్మ కదురు తీసుకొని తనే వడికింది. బారెడు, రెండు బారలు, అరుగు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక్క ముడి లేకుండా వచ్చింది. పట్టే బొచ్చు కూడా సగానికి సగం తగ్గింది. అమ్మ మొహం చూసి నాకు ఎంత సంతోషమైందో రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

కాసేపటికి ఆమె చెయ్యి ఆగింది. "మంట కాడ కూసుంటడు గదనే మీ చిన్నాయిన" అంది.

"లోపల సన్న పోగే గదమ్మా. పైనంత బొచ్చే. ఏంగాదు" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా దాన్ని ఇంకొకరి నోట్లో పెట్టలేకపోతున్నాను. నాయిన కూతురిని, పోగు కాల్చి చూడటం తెలిసినదాన్ని. దీపం అక్కడే గూట్లో ఉంది. ఒక్కసారి కాల్చి చూసి ఉంటే గుండు కట్టేది, కడుతుందని నాకు తెలుసు కూడా. తెలుసు కాబట్టే చూడలేదు.

పదిహేను రోజులు ఉండిపోయాను. అమ్మ నూలు పూర్తయింది. అప్పటికీ కాస్త తక్కువ పడితే నాయిన రామన్నపేట పోయి నాలుగు ఉండల నూలు కొనుక్కొచ్చాడు. అమ్మ రేషన్ దుకాణానికి పోయింది, ఇంట్లో నేనే ఉన్నాను. ఆయన నా ముందే ఆ నాలుగు ఉండల నుంచీ పోగులు లాగి కాల్చి చూశాడు. నాలుగూ పొడి రాలాయి. మంచిదే అని తలూపి పక్కన పెట్టాడు. తర్వాత అమ్మ నూలు గంప దగ్గరికి లాక్కున్నాడు. దాన్ని కాల్చలేదు, వెలుగుకు పట్టి చూడలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మగ్గం ఎక్కాక ఒక జానెడు నేసి ఆగాడు. నేసినదాని మీద అరచెయ్యి పరిచి కూచున్నాడు. నడుము నొచ్చిందేమో అనుకున్నాను. మంచినీళ్లు అడిగితే తెచ్చిచ్చాను. తాగి, చెంబు నాకిచ్చి, మళ్లీ నేత మొదలుపెట్టాడు.

గొంగడి తీసుకోవడానికి చిన్నాయిన వచ్చినరోజు నేను లేను. అమ్మే ఫోన్లో చెప్పింది. భుజాన వేసుకొని అటూ ఇటూ నడిచి, ఈసారి తేలికగా ఉందని వదినను మెచ్చుకున్నాడట. అమ్మ మాత్రం బియ్యం ఏరేది ఉందని లోపలికి పోయిందట.

పత్తి ఏరడం అయిపోయి, ఎరువు కోసం చేన్లలో మంద పెట్టే రోజులు. తెల్లవారుజామున చిన్నాయిన పత్తికట్టెతో మంట వేసుకొని, మంటకు వీపు పెట్టి కూచున్నాడు. పత్తికట్టె చిటపటమని రవ్వలు విసురుతుంది. ఒక రవ్వ ఎగిరి ఎడమ భుజం మీద పడింది. వాసన వచ్చింది గానీ ఎప్పటి వాసన కాదు. ఆయన ఆ సంగతి పట్టించుకోకుండా, నలభై ఏళ్లుగా చేసినట్టే, కుడి అరచెయ్యి పెట్టి గట్టిగా అదిమాడు. గొంగడి ఆరలేదు. కరిగింది. కరిగి లోపల భుజానికి, పైన అరచేతికి అంటుకుంది. చెయ్యి లాగితే చర్మం ఊడొచ్చింది. లేచి పరిగెత్తితే గాలికి ఇంకా రాజుకుంది. పక్క చేను వాళ్లు మట్టి పోసి ఆర్పారు.

నేను దవాఖానకు పోయేసరికి భుజం నుంచి మోచేతి దాకా కట్టు కట్టి ఉంది. చిన్నాయిన నన్ను చూసి నవ్వాలని చూశాడు. "గొంగడి గిట్ల జేస్తదని ఎన్నడనుకోలే బిడ్డా" అన్నాడు. ఆయన మాటలో ఎవరి మీదా కోపం లేదు. అది విని నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. మందులు తెస్తానని బయటికొచ్చి, గోడ వైపు తిరిగి ఏడ్చాను.

నాయిన ఆ కాలిన గొంగడిని ఇంటికి తెచ్చి, చిల్లు చుట్టూ వేలితో తడిమి చూశాడట. అంచు వెంబడి గట్టి గుండ్లు. ఎవరూ చెప్పనక్కర్లేదు. వారం తిరగకముందే కులపెద్దలు వచ్చి అరుగు మీద కూచున్నారు. మన గొంగడి మంట అంటుకోదు గదా, ఇదెట్లా కాలిందని అడిగారు. నేను ఆరోజు అక్కడే ఉన్నాను. అమ్మ తలుపు చాటున ఉంది, ఆమె చీర చెంగు నాకు కనపడుతోంది.

"నూలు తక్కువ పడితే నాలుగు ఉండలు కొనుక్కొచ్చి కలిపిన. కాల్చి చూడలే. తప్పు నాదే" అన్నాడు నాయిన.

పెద్దల్లో ఒకాయన మాత్రం, ఇన్నేళ్లు నేసినోనివి కాల్చి చూసుకోకపోతివి అని మెల్లగా అన్నాడు. అదే ఎక్కువ. మా ఇండ్లలో పెండ్లికి కొత్త గొంగడి పరిచి దాని మీద పిల్లను, పిల్లగాన్ని కూచోబెడతారు. చుట్టుపక్కల ఊళ్ల పెండ్లి గొంగడ్లు చాలావరకు నాయిన నేసినవే. ఆ తర్వాత ఒక్కరు రాలేదు. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు, రావడం మానేశారంతే. ఎడమ చెయ్యి భుజం కంటే పైకి లేవకపోవడంతో చిన్నాయిన గొర్ల మేతకు చెట్ల మండలు కొయ్యలేకపోయాడు. మందలో సగానికి పైగా అమ్మేశాడు, నల్లవి ముందు పోయాయి. దాంతో బొచ్చూ లేదు. నాయిన మగ్గం గుంట మీద పలకలు పరిచి, వాటి మీద వడ్ల బస్తాలు పెట్టాడు.

నాయిన అరుగు మీద అన్నది అబద్ధమని నాకొక్కదానికే తెలుసు. ఆ నాలుగు ఉండలూ కాల్చి చూశాడు, నేను కళ్లారా చూశాను. అమ్మ ఆ సమయానికి ఇంట్లో లేదు కాబట్టి ఆ మాట నిజమే అనుకుంది. తన తప్పును ఆయన తెలియక నెత్తిన వేసుకున్నాడని నమ్మింది. ఆ నమ్మకం ఆమెను తినేసింది. చిన్నాయిన ఇంటికొస్తే వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు. నేను పోయినప్పుడల్లా, మీ నాయినకు చెప్పెయ్యనా అని అడిగేది. ఎందుకమ్మా ఇప్పుడు అనేదాన్ని. ఆమె మీద ప్రేమతో అన్నాననే చెప్పుకున్నాను గానీ, చెబితే నా పేరూ బయటికొస్తుందన్న భయంతో కూడా అన్నాను.

రెండేళ్లు అలా గడిచాయి. ఒక సాయంత్రం నాయిన నన్ను రామన్నపేటలో బస్సు ఎక్కించడానికి వచ్చాడు. బస్సు ఆలస్యమైంది. ఇద్దరం చెక్క బల్ల మీద కూచున్నాం. ఇక ఉండబట్టలేక అడిగేశాను. ఆ ఉండలు నువ్వు నా ముందే కాల్చి చూసినవు గదా నాయినా, చూడలేదని ఎందుకన్నావు అని.

ఆయన బస్టాండులో ఒకామె జామకాయలు అమ్ముతుంటే అటే చూశాడు.

"మొదటి జానెడు నేసినప్పుడే ఎరుకైంది" అన్నాడు. "అప్పటికే మూడేండ్ల సంది మీ అమ్మ నూలుకు ముడులే. గా నూలుకు ఒక్క ముడి లేదు. లోపల ఇంకేదో ఉన్నదని చెయ్యే చెప్పింది."

మరి ఆపలేదెందుకు అని అడిగాను. అడిగే హక్కు నాకు లేదని తెలిసీ అడిగాను.

"ఆపితే ఏం జెప్పాలె? నీ చేతులు అయిపోయినయని నా నోటితోని అనాల్నా? చిన్నోడు మంట కాడ కూసుంటడని నాకెరుకే. మంచిగ ఎరుకే. అయినా నోరు రాలే బిడ్డా. నువ్వు జెప్పకు అమ్మకు. నాకు తెల్వదనే ఉండనీ" అన్నాడు.

ఆ పోగు నేనే ఇచ్చానని చెప్పాను. తెలుసన్నట్టు తలూపాడు. మా ఇంట్లో అంత నల్లని ఉలన్ ఇంకెవరు తెస్తారని కూడా అనలేదు. బస్సు వస్తే నా సంచి అందించి, కిటికీ పక్కన కూచోమన్నాడు. ఆయన్ను అలా బస్టాండులో ఒంటరిగా వదిలి రావడం కంటే తిట్టించుకోవడం నయమనిపించింది.

బస్సు ఊరు దాటకముందే అమ్మ ఫోన్ చేసింది. నాయిన ఇంకా ఇంటికి చేరలేదు, అందుకే చేసింది. "తొవ్వల మీ నాయిన ఏమన్న అన్నడా?" అని అడిగింది. ఏమనలేదమ్మా అన్నాను.

"గా నాలుగు ఉండల మీద వేసుకున్నడు గని, నా నూలును మాత్రం మీ నాయిన ఇయ్యాల్టికి కూడ శంకించలే బిడ్డా" అంది. ఆ గొంతులో ఏడుపు ఉంది, దాని అడుగున వాడకట్టు ఆడవాళ్ల ముందు వినపడే ఆ పాత గొప్ప కూడా ఉంది.

"అవునమ్మా, ఎన్నడు శంకించలే" అన్నాను.